క్రొత్త నేలమీద మొదటి గీత



ఈ నెల మీ యెదుట పెట్టదలచిన ప్రశ్న చాల చిన్నది. ఒకడు కష్టపడి సంపాదించి క్రొత్త యిల్లు కొనుక్కొనెను. ఆ యింటి నేలమీద మొదటి గీత పడెను. ఆ గీత ఎవరి లెక్కలో వ్రాయవలెను? పేడతో అలికిన మన యిండ్లకును దీనికిని ఏమి సంబంధమని మీలో కొందరు నవ్వవచ్చును. నేనును మొదట నవ్వితిని. అయితే ఆ గీతవలన మా ఊరి తల్లి యొకతె రెండవ కంటికి ఆపరేషను చేయించుకొనకయే తిరిగి వచ్చెనని తెలిసిన తరువాత నాకు నవ్వు రాలేదు.

మన ప్రాంతమువారికి పట్నము ఎల్.బి. నగరు చౌరస్తాలో ఆరంభమగును. విజయవాడ రహదారిని వచ్చు బస్సులును, నాగార్జునసాగరు త్రోవను వచ్చు బస్సులును అక్కడనే కలిసికొనును. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు పెట్టుకొన్న పేట అది. 2018 సెప్టెంబరు 24 నుండి మెట్రో రైలు కూడ అక్కడికి నడచుచున్నది. అక్కడ ఎక్కినవారికి మూడవ స్టేషను దిల్‌సుఖ్‌నగర్. ఈ రెండు పేటల నడుమ చదువుకొను పిల్లల హాస్టళ్లు, కోచింగు సెంటర్లు, అద్దె వాటాలు, అపార్టుమెంట్లు ఒకదాని భుజముమీద ఒకటి ఎక్కినట్లుండును. నల్లగొండ, సూర్యాపేట పల్లెలనుండి పనికొరకు పోయినవారు అనేకులు అక్కడ స్థిరపడిరి. వారిని చూచి వచ్చిన తల్లిదండ్రులు లిఫ్టును గూర్చి చెప్పుదురు, నీళ్ల ట్యాంకరును గూర్చి చెప్పుదురు. నేలను గూర్చి చెప్పినది మా ఊరి పెద్దమ్మ ఒకతెయే. నేను ఆమెకు వరుసకు తమ్ముడను.

ఆమె కుమారుడు ఎల్.బి. నగరులో మూడవ అంతస్తున ఫ్లాటు కొనెను. బ్యాంకు అప్పు ఇరువది సంవత్సరములది. వంటగదికిని పడకగదులకును అందరివలె టైల్సు వేయించి, ముందుగదికి మాత్రము టేకు పలకలు పరపించెను. దానికొక కారణము గలదు. అతని తండ్రి బ్రతికియున్న దినములలో దుంగలు, పలకలు మోసి కూలి తెచ్చుకొనెడివాడు. ఒక దొరగారి మేడగదికి చెక్క నేల వేయించునప్పుడు ఆ పలకలన్నిటిని మెట్ల మొదటివరకు అతడే మోసెను. మెట్లపైకి మాత్రము అతని పాదము పోలేదు, ఎవరు పోనిచ్చెదరు? తాను మోసిన పలకలు నేలయై ఎట్లుండునో చూడలేదని అతడు తన కుమారునితో ఎన్నిసార్లో చెప్పెను. ఆ మాట పిల్లవాని మనస్సులో ముల్లువలె నిలిచిపోయెను. కాబట్టి ఆ టేకు నేలను చూచి ఇది పట్నపు డంబమని మనము తొందరపడి తీర్పు తీర్చకూడదు. గృహప్రతిష్ఠ దినమున అతడు తండ్రి పటమును ఆ గదిలోనే, తలుపున కెదురుగా తగిలించెను.

చెక్క నేల యని పట్నములో అమ్మునవన్నియు ఒకటి కావు. ఈ సంగతి తెలిసియుండుట మంచిది. గీతపడిన తరువాత చేయవలసినది దానినిబట్టి మారును. అడుగునుండి పైవరకు ఒకే కొయ్యయైన పలక యొకటి. పైన కొన్ని మిల్లీమీటర్ల మంచి కొయ్యయు, క్రింద ప్లైవుడ్డును అతికిన పలక రెండవది. మూడవదానిని లామినేటు అందురు. దానిలో మన కంటికి కనబడునది కొయ్య కాదు, కొయ్య బొమ్మ ముద్రించిన కాగితము. దానిపైన గాజువంటి గట్టి పొర, అడుగున కొయ్యనారను జిగురుతో అదిమిన అట్ట. చౌక గనుక చాల యిండ్లలో ఉండునది ఇదియే. మొదటిదానిని గరుకు కాగితముతో రుద్ది ఎన్నోసార్లు క్రొత్తదానివలె చేయవచ్చును. రెండవదానిని పై పొర మందమునుబట్టి ఒకటి రెండుసార్లు చేయవచ్చును. మూడవదానిని ఒక్కసారియు చేయలేము, రుద్దినచో బొమ్మయే పోవును. మూడవదానిని చూపి మొదటిదని నమ్మించు వర్తకులును లేకపోలేదు. పలక తెగిన అంచును చూడనిదే డబ్బు ఇయ్యకుడి.

టేకు అనగా ఇనుమువంటిదని మన నమ్మకము. చేవగల టేకునకు చెదలు త్వరగా పట్టవు, నీటికి అది త్వరగా కుళ్లదు, నిజమే. గట్టిదనములో మాత్రము అది మధ్యరకపు కొయ్య. 1906లో ఆస్ట్రియా దేశస్థుడైన జాంకా అనునతడు దీనిని కొలుచుటకు ఒక పద్ధతి ఏర్పరచెను. అడ్డుకొలత 11 మిల్లీమీటర్లకు కొంచెము పైబడిన ఉక్కుగుండును సగమువరకు కొయ్యలో దిగునట్లు అదుముటకు ఎంత బలము కావలెనో చూతురు. టేకునకు సుమారు 480 కిలోల బరువు చాలును. తెల్ల ఓకు కొయ్యకు 600 దాటవలెను. మన జిట్రేగికి వేయి కిలోలకు పైగా కావలెను. ఇంటిలో అంత బరువు ఎవరు పెట్టుదురని మీరనవచ్చును. బరువుకంటె అది పడు చోటు ముఖ్యము. నాలుగువేల కిలోల ఏనుగు నాలుగు పాదములమీద నిలిచినప్పుడు చదరపు సెంటీమీటరునకు ఒక కిలో కూడ పడదు. అరువది కిలోల మనిషి మేకువంటి మడమగల జోడుతో ఒక కాలిమీద వాలినచో అంతే చోటున నలువది, ఏబది కిలోలు పడును. చేతినుండి జారిన రోకలి మొన సంగతి చెప్పనక్కర లేదు.

అయినను చెక్క నేలకు పెద్ద శత్రువు ఇసుక. ఇసుక రేణువు ఇనుప మేకుకంటె గట్టిది. అది చెప్పుల నంటి లోపలికి వచ్చి మన పాదములక్రిందనే గరుకు కాగితమువలె పనిచేయును. గడప కిరుప్రక్కల పట్టాలు వేయుట, మెత్తని చీపురుతో దినదినము ఊడ్చుట, కుర్చీ కాళ్లక్రింద ఫెల్టు బిళ్లలు అంటించుట, బరువు సామానును ఈడ్వక ఇద్దరు పట్టి ఎత్తుట, నేలను కాపాడు ఉపాయములు ఇంతే. చెప్పులు గడప బయట విడుచుట మనకు ఎవరును నేర్పనక్కర లేదు. సామాను ఎత్తుట మాత్రము నేర్పవలసియే యున్నది. ఆదివారమునాడు ఆరాధన ముగియగానే మన మందిరములో బల్లలను ఈడ్చు చప్పుడు వినినవారికి నా మాట తెలియును.

ఇక జరిగినది చెప్పుదును. పెద్దమ్మకు రెండు కండ్లకును శుక్లములు ముదిరెను. కుమారుడు తానే వచ్చి తీసికొనిపోయి, మొదటి కంటికి ఆపరేషను చేయించెను. రెండవ కంటికి నెల దినముల తరువాత రమ్మనిరి. ఆ నెల ఆమె ఆ యింటనే యుండెను. తనతో ఒక రేకుపెట్టెయు, వెల్లుల్లి నూరుకొనుటకు చిన్న ఇనుప రోలును రోకలియు తీసికొనిపోయెను. మిక్సీలో తిప్పిన కారము ఆమె నోటికి పోదు. ఒక మధ్యాహ్నము ముందుగదిలో కూర్చుండి నూరుచుండగా రోకలి చేయిజారి పలకమీద పడెను. ఆమె వేలితో తడవి చూచుకొనెను. చిన్న చింతగింజ పట్టునంత గుంట. ఎవరును ఇంటలేరు. ఆమె దానిమీద చాప పరచెను.

ఇక్కడ ఆమె తప్పు ఉన్నది. గుంటపడుట తప్పు కాదు, చాప పరచుట తప్పు. ఆమెయే నాతో ఆ మాట అనెను గనుక నేనును వ్రాయుచున్నాను. అయితే ముసలితనమున కుమారుని ఇంటిలో ఉన్నవారు ఎన్ని చాపలు పరచుదురో, ఎందుకు పరచుదురో మనము ఎరుగుదుము.

మూడవ దినమున కుమారుడు చాప తీసెను. గుంట కనబడెను. దాని ప్రక్కనే, చాప అంచునుండి గోడవైపునకు, మూరెడు పొడవున గీతలు కూడ కనబడెను. అతడు కేకలు వేయలేదు. "పెట్టె గుంజినవా అమ్మా?" అని మాత్రము అడిగెను. ఆమె గీతలను చూడలేదు. ఒక కన్ను ఇంకను మసక, రెండవది కట్టు విప్పి ఎన్నియో దినములు కాలేదు. పెట్టెను ఈడ్చినట్లు ఆమెకు జ్ఞాపకము లేదు. కాని గుంట తనదే. ఒకటి చేసినదానను రెండవది మాత్రము చేయలేదని ఏ నోటితో చెప్పుదును అనుకొని, "గుంజిననేమో బిడ్డా, నాకు కండ్లు సక్కగ కానరావు గద" అనెను.

ఆ తరువాత ఆ యింట ఎవరును ఆమెను ఒక మాట అనలేదు. కోడలు మంచిదే, వెనుకగదిలో మంచము వేసి, అన్నము అక్కడికే తెచ్చి యిచ్చుచుండెను. కుమారుడు ఆమె నడచినప్పుడెల్ల ఆమె ముఖము చూచుట మాని పాదములను చూచుచుండెను. ఆపరేషనైన కంటితో ఆమె మొట్టమొదట స్పష్టముగా చూచినది ఆ చూపునే. వారము తిరుగకముందే నాకు ఫోను చేయించి, "తమ్మీ, నన్ను ఊరికి తీస్కపో" అనెను. నేను పోయి తీసికొనివచ్చితిని. రెండవ కంటి సంగతి అడిగిన, కోతలైన తరువాత చూతమనెను.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. ఒకరి సొమ్మునకు మరియొకరి చేత నష్టము కలిగినప్పుడు దానిని ఎవరు భరింపవలెను? నిర్గమకాండము 22వ అధ్యాయము 14, 15 వచనములలో దీనిని గూర్చి ఒక కట్టడ యున్నది. మనము దానిని త్వరగా చదివి దాటిపోవుదుము. ఒకడు పొరుగువాని పశువును అడిగి తెచ్చుకొనెను. యజమానుడు దగ్గర లేనప్పుడు అది దెబ్బతినినయెడల తెచ్చుకొన్నవాడు దాని నష్టము అచ్చుకొనవలెను. యజమానుడు దగ్గర ఉన్నయెడల అచ్చుకొననక్కర లేదు. అద్దెకు తెచ్చినదైతే ఆ నష్టము అద్దెలోనే చేరియున్నది. ఎంత తెలివిగల కట్టడ! వస్తువును వాడుకకు ఇచ్చి, తానును అక్కడనే యున్నవాడు, ఆ వాడుకవలన కలుగు అపాయమునకును సమ్మతించినవాడే యని దాని భావమని నాకు తోచుచున్నది. కుమారుడు తల్లిని తన యింటికి తీసికొనివచ్చెను, తన నేలమీద నడువనిచ్చెను. యజమానుడు దగ్గర నున్నాడు.

అద్దె మాట వచ్చినది గనుక ఒక సంగతి చెప్పి ముందునకు పోవుదును. దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకుండి చదువుకొను మన పిల్లలు గది ఖాళీ చేయునప్పుడు, గోడకు మేకు గుర్తున్నదనియు నేలకు గీతలున్నవనియు అడ్వాన్సు పట్టుకొను ఇంటివారు కొందరు గలరు. 1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టము 108వ సెక్షను చెప్పునది కూడ ఇంచుమించు మోషే చెప్పినదే. అద్దెకున్నవాడు తాను పుచ్చుకొన్న స్థితిలో ఇంటిని తిరిగి అప్పగింపవలెను. అయితే సహజమైన వాడుకవలన కలిగిన అరుగుదల అతని లెక్కలో పడదు. నడచినందున అరిగిన నేలకు మూల్యము అద్దెలోనే ముట్టినది. మంచమును ఈడ్చి చీల్చిన పలక వేరు సంగతి.

ఆ వేరు సంగతిని మరువవద్దు. "వస్తువే గదా, పోనిమ్ము" అను మాట యజమానుని నోట అందముగా నుండును, పాడుచేసినవాని నోట ఉండదు. గొయ్యి త్రవ్వి కప్పక విడిచినవాడు దానిలో పడిన పశువునకు మూల్యము ఇయ్యవలెనని ఆ గ్రంథమే 21వ అధ్యాయములో చెప్పుచున్నది. ఇతరుల సొమ్మునెడల అజాగ్రత్త వైరాగ్యము కాదు. ఒక నేలకొరకు ఇరువది సంవత్సరములు అప్పు తీర్చువాని కష్టమును చులకన చేయుటకు మనకు హక్కులేదు.

అయితే నేల ఎందుకున్నది? మెదకు మహాదేవాలయమును మీలో అనేకులు చూచియుందురు. కరవు దినములలో జనులకు కూలియు కూడును దొరకునట్లు పాస్నెట్ దొరగారు కట్టించిన కట్టడము అది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. దాని నేలకు బ్రిటను దేశమునుండి తెప్పించిన పలకలను ఇటలీ పనివారు పరచిరి. అంతటి నేలమీద నూరు సంవత్సరములుగా పల్లెజనులు బిడ్డలతో, అన్నపు గిన్నెలతో వచ్చి కూర్చుండుచున్నారు. పని దొరకి బ్రతికిన కుటుంబములవారును దానిమీద మోకరించిరి. మా పెద్దమ్మ పెనిమిటికి మెట్ల మొదట ఆగిపోయిన త్రోవ అక్కడ తెరచియుండెను. సొలొమోను మందిరమునకును చెక్క నేలయే. మొదటి రాజుల గ్రంథము 6వ అధ్యాయము చూడుడి: నేలకు సరళవృక్షపు పలకలు వేయించి, వాటిని బంగారముతో పొదిగించెను. మేలిమి బంగారము ఎంత మెత్తనిదో మన స్త్రీలకు తెలియును. యాజకులు దినదినము తిరుగాడిన ఆ నేలమీద గీతలు పడకయుండునా? మూరలను, కిటికీలను, తలుపులను లెక్కించి వ్రాసిన గ్రంథకర్త గీతలను లెక్కింపలేదు.

నాకు ఎక్కువ జ్ఞాపకము వచ్చునది కపెర్నహూములోని యిల్లు. మార్కు సువార్త 2వ అధ్యాయములో నలుగురు మనుష్యులు పక్షవాయువుగల వానిని మోసికొనివచ్చి, జనసమూహమువలన లోపలికి పోలేక, పైకప్పు విప్పి మంచమును దింపిరి. మనము ఆ నలుగురి విశ్వాసమును గూర్చి విందుము, స్వస్థపడినవానిని గూర్చి విందుము. నాకు ఆ యింటివానిని గూర్చి చింత. తలమీద మట్టిపెళ్లలు రాలుచుండగా అతడేమనుకొనెను? ఆ సాయంకాలము జనులు వెళ్లిపోయిన తరువాత కప్పునకు ఆకాశము కనబడుచుండగా అతడును అతని భార్యయు ఏమి మాటలాడుకొనిరి? మరల కప్పించిన ఖర్చు ఎవరిది? సువార్తలో ఒక మాటయు లేదు. ఆ నలుగురును మరునాడు వచ్చి కప్పు వేసియిచ్చిరని నేను అనుకొనుచుందును. మంచము మోయగలవారు మట్టి మోయలేరా? అయినను ఇంటివాడు క్రిందనుండి "నా కప్పు!" అని ఆ క్షణమున కేకవేసి వారిని ఆపియుండినయెడల ఏమగునో ఆలోచింపుడి. తన యింటికి వచ్చిన మేలును అతడే వెనుకకు పంపివేసియుండును.

ఎల్.బి. నగరు ఇంటిలో కప్పు తెరువనక్కర లేకపోయెను. ఒక చింతగింజంత గుంట సరిపోయెను.

వర్షములు పడిన తరువాత కుమారుడు ఒక వడ్రంగిని పిలిపించెను. ఆ కాలమున గాలిలోని తేమకు చెక్క ఉబ్బును, వేసవిలో ముడుచుకొనును. తలుపులు పట్టివేయుట మీకు తెలిసినదే. పలకలు ఉబ్బి ఒకచోట లేచినవేమో చూడుమని అతనిని పిలిచెను. పనిలోపనిగా గుంటను గీతలను చూపెను. ఈ భాగమంతయు కుమారుడే నాకు చెప్పినది.

వడ్రంగి ముందు వ్రేలు నీటిలో ముంచి గీతలమీద రాచెను. తడి తగిలినప్పుడు గీత మాయమైనయెడల అది పై పాలిషులోనే యున్నదని అర్థము. మరల పాలిషు పూయిన చాలును. తడిలోను కనబడినచో కొయ్య తెగినది. ఇవి సగము దూరము మాయమై, సగము దూరము నిలిచెను. తరువాత గుంటమీద పాలిషును గీకివేసి, తడిపి పిండిన గుడ్డను నాలుగు మడతలు వేసి దానిపై పెట్టి, వేడి ఇస్త్రీపెట్టె కొనను కొన్ని క్షణములు ఆనించి తీసెను. పొగవలె ఆవిరి లేచెను. మూడు నాలుగుసార్లు అట్లు చేయగా గుంట నిండి నేలతో సమమాయెను. అది మంత్రము కాదు. దెబ్బకు కొయ్యనార నలిగి అణగిపోయినది గాని తెగలేదు. నీరును వేడియు తగిలిన ఆ నార మరల ఉబ్బి లేచును. మన యిండ్లలో బల్లకు, తలుపునకు పడిన గుంటలకును ఇట్లే చేయవచ్చును. ఒక దినము ఆరనిచ్చి, గరుకు కాగితముతో తేలికగా రుద్ది నూనెయో పాలిషో పూయుడి. లామినేటుకు మాత్రము చేయకుడి, అతుకులలో నీరు దిగి అట్ట ఉబ్బును. తెగిన గీతకు ఈ వైద్యము లేదు. తెగిన నార తిరిగి అతుకదు. రంగు కలిపిన మైనము నింపి కప్పవచ్చును, లేక గది యంతయు రుద్దించి క్రొత్తగా పాలిషు పట్టింపవలెను.

"పెట్టె గుంజితే పడ్డ గీతలివి" అని కుమారుడు చెప్పెను. వడ్రంగి తల త్రిప్పెను. "పెట్టెది గాదు సార్. రేకుపెట్టె అంచుతోటి గీకితె వెడల్పుగ పోతది. ఇవి రెండు గీతలు, ఒకదానికొకటి సమానంగ పోయినయి" అని, టేపు తీసి రెండు గీతల నడిమి దూరము కొలిచెను. ఆ టేపునే తీసికొనిపోయి గోడదగ్గర నున్న ఫ్రిజ్జు ముందుకాళ్ల నడుమ పెట్టెను. సరిపోయెను. ఆ మనిషి ఇంకేమియు అనక తన పని తాను చేసికొనెను.

కుమారునికి అప్పుడు తెలియలేదని మీరు తలంపకుడి. అతనికి మొదటినుండి తెలియును. తల్లి రాకముందే ఒక రాత్రి ఫ్రిజ్జు వెనుక ప్లగ్గు ఊడిపోగా ఒక్కడే దానిని ముందునకు గుంజెను. చప్పుడు వినబడెను. దీపము వేసి వంగి చూచుటకు మనస్సు రాలేదు, పడుకొనెను. ఉదయమున చూచెను, భార్యతో చెప్పలేదు. తండ్రి పటమునకు ఎదురుగా, తండ్రికొరకు వేయించిన నేలమీద, మొదటి గీత తన చేతిదే యని తనతో తానే ఒప్పుకొనలేకపోయెను. చాప తీసిన దినమున గుంట కనబడగానే, అడుగక ముందే అతని నోట ఆ ప్రశ్న వచ్చెను: పెట్టె గుంజినవా? "అబద్ధం ఆడలేదు మామా, అడిగిన అంతే" అని అతడు నాతో అనెను. మాట నిజమే. అతడు అబద్ధమాడలేదు.

ఫిలేమోనుకు వ్రాసిన చిన్న పత్రికలో పౌలు, ఒనేసిము నీకు ఏదైన నష్టము చేసియున్నయెడల, నీకు అచ్చియున్నయెడల, దానిని నా లెక్కలో వ్రాసికొనుమని కోరి, తానే ఇచ్చెదనని తన చేతితో వ్రాసెను. ఇంకొకని నష్టమును తన పేర వ్రాసికొనుట అది. ఇక్కడ జరిగినది దానికి తలక్రిందులు: తన నష్టమును ఇంకొకరి పేర వ్రాయుట. వ్రాయుట కూడ కాదు, కాగితము ముందు పెట్టి ఊరకుండుట. ముసలి తల్లి చూపులేని కండ్లతో దానిమీద వ్రేలిముద్ర వేసెను. ఇండ్లలో పెద్ద దొంగసాక్ష్యములు అరుదు. ఇట్టివి దినదినము నడచుచుండును. పగిలిన కుండ కోడలి లెక్కలో, పోయిన రూపాయి పాలేరు లెక్కలో, విరిగిన పలక బడిపిల్లవాని లెక్కలో. ఒక చిన్న తప్పు నిజముగా చేసినవారిమీద ఇంకొకటి మోపుట ఎంత సులభమో, వారు ఎంత త్వరగా ఒప్పుకొందురో చూడుడి.

సంక్రాంతికి ముందటి వారమున నేను పెద్దమ్మ అరుగుమీద కూర్చుండియుండగా ఫోను మ్రోగెను. ఆమె దానిని నా చేతికిచ్చి స్పీకరు పెట్టుమనెను. మీట ఎక్కడనో ఆమెకు ఇంకను కనబడదు.

"అమ్మా" అని అతడు కొంతసేపు ఆగెను. "ఆ పొడుగు గీతలు నువ్వు గీసినయి గావు. ఫ్రిజ్జు నేనే గుంజిన. నాకు అప్పుడే ఎరుక."

ఆమె పలుకలేదు. కొంగుతో మసకకన్ను ఒత్తుకొనెను. అతడు లైనులో ఉన్నాడో లేడో యని నేను ఫోనువైపు చూచితిని.

"ఒక్కనివే గుంజినవా?" అని ఆమె అడిగెను. "అంత బరువు! నడుము పట్టలేదా బిడ్డా?"

అటువైపునుండి మాట రాలేదు. తరువాత కోడలు ఫోను తీసికొని ఆసుపత్రివారు చెప్పిన తేదీని నాకు చెప్పెను. నేను వ్రాసికొనుచుండగా పెద్దమ్మ లోపలికి పోయి, మంచము క్రిందినుండి రేకుపెట్టెను బయటికి లాగబోయి, ఆగి, "తమ్మీ, ఇటు రా, ఓ చెయ్యి వట్టు" అని నన్ను పిలిచెను.